బొమ్మ మోచేతి ముడి

తోలుబొమ్మను మెచ్చుకునేవాళ్లు ముందు రంగుల్నే మెచ్చుకుంటారు. ఎర్రటి పట్టుపంచె, నగల కోసం ఉలితో వరసగా కొట్టిన బెజ్జాలు, చెవిదాకా సాగిన కన్ను. మెచ్చదగ్గవే. నా చూపు మాత్రం మోచెయ్యి దగ్గర ఆగుతుంది. అక్కడ రెండు తోలు ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి. రెంటినీ కలిపి ఒక బెజ్జం, అందులోంచి దారం, అటూ ఇటూ ముడి. చూడ్డానికింతే.

ఆ ముడి బిగిస్తే హనుమంతుడు ఎత్తిన గద దించలేడు. మరీ వదిలేస్తే చెయ్యి వెనక్కి తిరిగిపోయి, శ్రీరాముడు కాస్తా ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడవుతాడు. పుల్ల లాగితే చెయ్యి తేలిగ్గా లేవాలి, పుల్ల ఆగితే తానూ ఆగాలి. అంత వదులే కావాలి.

అంచులు ఎంత మేర కలపాలన్నదీ చేతి అంచనాయే. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఎండబెట్టి వెలుతురు పారేంత పలచన చేస్తారు. రెండు పొరలు కలిసిన చోట నీడ ముదరక తప్పదు. ఎక్కువ కలిపితే తెర మీద మచ్చ. తక్కువ కలిపితే చెయ్యి చాచినప్పుడు సందులోంచి దీపం తొంగిచూస్తుంది.

ఒడిశా రావణఛాయ బొమ్మలకు కీళ్లే ఉండవు, రంగూ ఉండదు; ఒకే తోలు ముక్క. ఆ అందం వేరు. మనవాళ్లు బొమ్మను బాగా పెద్దది చేసి, రెండు వైపులా రంగులద్ది, నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్లు విడివిడిగా కట్టారు. నడుమ నిలువునా ఒక కర్ర, చేతులకు సన్న పుల్లలు. కాళ్లకు మామూలుగా ఏ ఆధారమూ ఉండదు. ఆడించేవాడు నడిమి కర్రను ఒక్క కుదుపు కుదిపితే, కాళ్లు తమ బరువుకి తామే ఊగి అడుగు పడ్డట్టుంటుంది. అదే క్షణాన తెర వెనక అతని కాలి గజ్జె మోగుతుంది. (చప్పట్లలో సగం మోకాలి ముడికి చెందాలి, ఎవరూ ఇవ్వరు గానీ.)

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని ఇంకా నడుస్తోంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు కూడా చేస్తున్నారు. కూడు పెట్టే పనిని తప్పుపట్టలేం. కాకపోతే వాటికి కీళ్ల అవసరం లేదు. ఆడే బొమ్మే కావాలనుకుంటే రంగు తర్వాత చూడొచ్చు, ముందు మోచెయ్యి ఓసారి ఎత్తి వదలండి.