తాహా హుసేన్ విద్యార్థి వ్యాసం

1914లో ఈజిప్టు విశ్వవిద్యాలయం ఇచ్చిన మొట్టమొదటి డాక్టరేటు తాహా హుసేన్‌ది. విషయం అబుల్ అలా అల్ మఅర్రీ (973–1057). వ్రాసినవాడూ, కవీ ఇద్దరూ అంధులే. అయినా వ్యాసం సానుభూతి మీద నడవదు. కవి తన కాలమూ దేశమూ కని పెంచిన ఫలమనే సూత్రం మీద నడుస్తుంది. ఈ సూత్రం సగం దూరమే వస్తుంది. ఆ కాలంలో, ఆ సిరియాలోనే ఎందరో పుట్టారు. 'లుజూమియాత్' వ్రాసినవాడు ఒక్కడే.

అల్ అజ్‌హర్‌లో షేఖ్ మర్సఫీ దగ్గర 'హమాసా' చదువుతూ మాట మాటనూ తూచడం నేర్చాడు తాహా. నా దృష్టిలో ఆయన విమర్శకు ప్రాణం ఆ పాఠమే. మన మదరసాలో పద్యం వ్యాకరణానికి ఉదాహరణ, కళాశాలలో చరిత్రకు ఉదాహరణ! మఅర్రీ పేరెత్తగానే ఆస్తికుడా, నాస్తికుడా అని తీర్పు వ్రాసేసే విద్యార్థిని, 'లుజూమియాత్'లో ఆయన తనకు తానే విధించుకొన్న అదనపు ప్రాసాక్షర నియమమేమిటని అడిగి చూడండి.