మోడెము పెట్టెమీది అంకె: ఒక విమర్శ

కంప్యూటరును గూర్చిన పాఠములలో మోడెమునకు సామాన్యముగ ఒక్క వాక్యమే దక్కుచుండును. అంకెలను ధ్వనులుగను, ధ్వనులను అంకెలుగను మార్చు సాధనమని చెప్పి ముగింతురు. ఈ నిర్వచనము తప్పు కాదు, కాని చాలదు. ఆ మార్పు ఎందులకో, అది ఎచ్చట కుంటుపడునో తెలియని విద్యార్థి, పెట్టెమీద అచ్చొత్తిన "56 కె" అను అంకెను అట్లే నమ్మును. ఆ అంకెయే ఇచ్చట మన విమర్శకు విషయము.

టెలిఫోను మానవుని మాటకొరకు ఏర్పడినది. సెకనుకు సుమారు 300 మొదలు 3,400 వరకు కంపనములుగల ధ్వనులనే అది మోయును. కంప్యూటరునందలి విద్యుత్ స్పందనలు ఈ ఇరుకు దారిలో ఉన్నవి ఉన్నట్లు పోజాలవు. వానిని ధ్వని రూపమున పంపుటయే మోడెము పని.

ఈ సాధనమునందు మెచ్చదగినవి రెండు కలవు. 1981లో హేస్ సంస్థ స్మార్ట్‌మోడెముతో తెచ్చిన ఆజ్ఞా పద్ధతి మొదటిది. "ఏ.టి.డి.టి." అని నంబరు చేర్చిన స్వరములతోను, "ఏ.టి.డి.పి." అని చేర్చిన పాత ఎక్స్ఛేంజీలు గ్రహించు స్పందనలతోను డయలగును. రెండవది లోపలి చిన్న స్పీకరు. లైనులో స్వరము కలదా, అవతలి యంత్రము పలికినదా అను సంగతి చెవికే తెలియును.

పాత కంప్యూటరునకు మోడెము అమర్చువారు మొదట కంప్యూటరునే పరీక్షింపవలెను. మౌసు మొదటి సీరియల్ పోర్టునను, మోడెము మూడవదాననుండిన, ఆ రెండును సాధారణముగ ఒకే పిలుపు తీగను పంచుకొనును. మౌసు కదలిన సంబంధము తెగవచ్చును. 8250 చిప్పు వచ్చిన అక్షరము నొక్కదానినే నిలుపుకొనును. సెకనుకు 33,600 బిట్లు వచ్చుచుండగా దానిని తీసికొనుటకు సెకనులో సుమారు 3,000వ వంతు వ్యవధియే యుండును. ఆలస్యమైన అక్షరము పోవును. 16 అక్షరములు నిలుపు 16550ఏ చిప్పుతో ఈ బాధ తగ్గును.

ఇక అంకె సంగతి. 1998లో నిర్ణయమైన వి.90 ప్రమాణము ననుసరించి 56,000 బిట్ల వేగము రావలెనన్న, సేవాసంస్థ వైపు మార్గమంతయు అంకెల రూపమున నుండవలెను. దారిలో ధ్వని రూపమునకు మార్పు ఒక్కమారే జరుగవలెను. రెండుమార్లు జరిగిన, వేగము 33,600కు మించదు. మనము పంపు దిశలో వి.90 ఇచ్చునదియు అంతే. పెట్టెమీద ఈ షరతులు కానరావు.

తీగకును ఒక హద్దు కలదు. 1948లో షానన్ చూపిన సూత్రము ప్రకారము, 3,100 కంపనముల వెడల్పుగల దారిలో సంకేతము రొదకు 1,000 రెట్లున్న సెకనుకు సుమారు 31,000 బిట్లు పోగలవు. 100 రెట్లే యున్న సుమారు 20,600. గోనెగండ్ల విద్యార్థులకు గాజులదిన్నె జలాశయపు కాలువలు తెలిసినవే. పొలముకడ తూము ఎంత పెద్దది పెట్టినను, కాలువ వెడల్పునకును, అందలి పూడికకును లోబడియే నీరు వచ్చును. పూడిక వంటిదే రొద.

ఇది కేవలము లెక్కల ముచ్చట కాదు. ఒక మెగాబైటు అనగా సుమారు 84 లక్షల బిట్లు. 56,000 వేగమున అది రెండున్నర నిమిషములలో చేరును. 14,400 వేగమున దాదాపు పది నిమిషములు పట్టును. కాల్ రుసుము కాలమును బట్టి పడినపుడు, దూరపు తీగపై రొద నెక్కువగ భరించువాడే అదే పుటకు నాలుగు రెట్లు చెల్లించును. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవను బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో ప్రారంభించెను. ఆ తొలి వరుసలో తెలుగు నగరమేదియు లేదు. ఆ వెనుక పల్లెకు చేరిన మోడెము పెట్టెమీద నగరపు అంకెయే యుండెను. పెట్టె ఒక్కటే, తీగ ఒక్కటి కాదు.

డయలప్ కాలము గడచినది. అయినను నేటి ప్రకటనలలోని వేగములకు "వరకు" అను చిన్న మాట ఇంకను అంటియే యున్నది. బడిలో మూలనపడిన మోడెము కార్డు నుపాధ్యాయులు పారవేయక, తరగతిలో బల్లపై నుంచి పై లెక్కలు పిల్లలచేత చేయింతురు గాక. అచ్చైన అంకెను చూచిన వెంటనే "ఏ షరతుపై?" అని అడుగ నేర్చిన విద్యార్థి, మోడెము పాఠమును నిజముగ చదివినవాడే.