వాన ఇంట్లోకి దిగే చోటు

పాత కలప అడితీల్లో గజలక్ష్మిని చెక్కిన ద్వారబంధం కనిపించిందంటే, డెల్టాలో ఎక్కడో ఒక మండువా లోగిలి విప్పేశారన్నమాట. స్తంభాలు రిసార్టులకి, తలుపులు నగరంలో డ్రాయింగ్ రూములకి చేరతాయి. కలపైనా దక్కుతోందిగా అంటారు కొందరు. కలప దక్కినా ఆ ఇంటి పనితనం దక్కదు. నా బెంగంతా దాని గురించే.

ఇంటి నడుమ పైన తెరిచి ఉండే మండువా చుట్టూ కప్పు నాలుగువైపుల నుంచీ లోపలికి వాలుతుంది. రెండు వాలులు కలిసే మూల దగ్గరే వడ్రంగికి అసలు పరీక్ష. అక్కడ వాసం కోత కాస్త తప్పినా పెంకు కూర్చోదు, నీళ్ళు గోడలోకి దిగుతాయి. సరిగ్గా కుదిరితే ఎంత వానైనా మండువాలో రాతిపలకల మీద పడి, జలదారి గుండా బయటికి పోతుంది. మా తాతగారింట్లో వాన పట్టగానే అమ్మమ్మ చూరు కింద గంగాళాలు పెట్టించేది. కప్పు మీది దుమ్మంతా కొట్టుకుపోయాక పట్టిన నీళ్ళయితే పప్పు తొందరగా ఉడుకుతుందనేది.

క్రీ.శ. 79లో బూడిద కింద పడిపోయిన పాంపే నగరంలోనూ ఇలాంటి ఇళ్ళున్నాయి: నడిమధ్య తెరిచిన కప్పు, దాని కింద వాననీటి తొట్టి. యూరప్‌లో బరోక్ కాలపు సంపన్నులు వీధి వైపు గోడనే శిల్పాలతో సింగారించారు. మనవాళ్ళు వీధికి ఒక అరుగూ ఒక ద్వారమూ ఇచ్చి, మిగతా నేర్పంతా లోపల పెట్టారు.

ఈ ఇళ్ళన్నీ అనాదివని చెప్పుకోవడం మాత్రం సరికాదు. మండువా పద్ధతి పాతదే. మనం చూసిన పెద్ద లోగిళ్ళ వెనక చాలావరకు బెజవాడ ఆనకట్ట ఉంది. అది 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలు పొలాలకి నీళ్ళిచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. వడ్లు అటు వెళ్ళాయి, కలప ఇటు వచ్చింది. ఆ 1852లోనే రంగం (రంగూన్) ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది, బర్మా టేకు సముద్రం దాటి మన తీరానికి రావడం పెరిగింది. మనం బెంగుళూరు పెంకు అనేదాన్ని 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు తయారుచేయడం మొదలుపెట్టారు. డెల్టా వరిపంటే ఈ ఇళ్ళు కట్టింది.

గోడల సంగతి వేరు. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. దాని మీద కట్టిన గోడ కదలక మానదు. గానుగ సున్నం ఆ కదలికకి కొంత లొంగుతుంది. ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద సున్నమూ ఇసుకా మెత్తగా నలిగేవి. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలిపేవారు. సన్నని బీటల్లోకి దిగిన వాననీటికి సున్నం కొంచెం కరిగి, మళ్ళీ పేరుకుని, కొన్ని వాటంతటవే పూడిపోతాయి. అలాంటి గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. ఉప్పు పేరుకుని పెచ్చులూడతాయి. అప్పుడు ఇల్లు పాతదైపోయింది, పడగొట్టాలంటారు. మరమ్మతు చేసిన పాపం ఇంటి వయసు మీద పడుతుంది.

వారసులు దూరాన ఉంటే పెంకు సర్దించడం కష్టమే, ఒప్పుకుంటాను. విప్పక తప్పదనుకుంటే, విప్పేముందు కొలతలు తీయించండి. 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మన విజయవాడలోనే ఉంది. పాత కట్టడాన్ని కొలిచి గీయడం వాస్తుశిల్ప విద్యార్థుల చదువులో భాగం. వాళ్ళని పిలిచి, ఆ ఇంటికి మరమ్మతులు చేసిన ముసలి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టండి. మూల వాసం ఎలా కోశారో, జలదారి వాలు ఎంత పెట్టారో ఆయన చెబుతుండగా రాయించండి. ముందు ఆ పని జరగాలి, తలుపులకి బేరం తర్వాత.