బరువు లెక్క తెలిసిన గుడి

ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న రుద్రేశ్వరాలయాన్ని కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. గుడి ఆవరణలో నిలిపిన 1213 నాటి శాసనం ఆ సంగతిని స్పష్టంగా చెబుతోంది. అయినా జనం నోట అది ఏనాడూ రుద్రేశ్వరాలయం కాదు, రామప్ప గుడే. రామప్ప అనే శిల్పి నలభై ఏళ్ళు ఉలి దించకుండా చెక్కాడని, ఆ పనికి మెచ్చి గుడికి అతని పేరే పెట్టారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. శాసనంలో ఆ శిల్పి ఊసు లేదు. లోపలి స్వామిని రామలింగేశ్వరుడిగా కొలుస్తారు గనుక రామప్ప అన్నది ఆయన పేరే అయి ఉంటుందనే వాదన కూడా ఉంది. చరిత్రగా చూస్తే శిల్పి కథకు ఆధారం లేదనే అనాలి. కానీ కొట్టిపారేయడానికి ముందు ఆ కథ ఏం పట్టుకుందో గమనించాలి. గుడి కట్టించినవాడిని కాక కట్టినవాడిని తలుచుకోవాలని జనానికి తోచింది. అంతవరకు కథ చూపు సరైనదే. తప్పల్లా ఆ ఘనతనంతా ఒక్క మనిషి మహిమగా మార్చడంలో ఉంది. రాయినీ ఇటుకనూ పునాదినీ కలిపి చదివితే కనిపించేది ఒక్కడి అద్భుతం కాదు, బరువు గురించి తరాలుగా సాగిన ఆలోచన.

ఈ గుడి పేరెత్తగానే అందరికీ ముందు గుర్తొచ్చేవి నీటిమీద తేలే ఇటుకలు. వాటిని మాయగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. అసలు ప్రశ్న ఇటుక ఎందుకు తేలుతుందన్నది కాదు, అంత తేలిక ఇటుక ఎవరికి ఎందుకు అవసరమైందన్నది. ఆ ఇటుకలు వాడింది గర్భగుడి మీది విమానంలో. గోడలు, స్తంభాలు, దూలాలు అన్నీ రాతివి. పైన విమానాన్ని కూడా రాతితోనే లేపితే దాని భారమంతా కింది గోడలమీద, వాటినుంచి పునాదిమీద పడుతుంది. ఆ బరువు తగ్గించడానికే పోరస్ ఇటుక ఎంచుకున్నారు. ఇటుక ఒళ్ళంతా ఉన్న సన్నని రంధ్రాలను చూస్తే, మట్టిలో ఊకలాంటి కాలిపోయే పదార్థం కలిపి ఉంటారని, బట్టీలో అది మసైపోయి ఖాళీలు మిగిలాయని అనుకోవడం సబబు. ఎంత కలపాలి, ఎంత కాల్చాలి అన్న కొలత తప్పితే ఇటుక బరువైనా మిగులుతుంది, పొడైనా అవుతుంది. ఆ కొలత ఒక్కరోజులో కుదిరేది కాదు. ఎన్నో బట్టీలు చెడితే తప్ప ఒక్క మంచి బట్టీ దిగదు.

పైన తేలిక చేసినవాళ్ళు మధ్యలో గట్టిదనం వెతికారు. గుడి గోడలకు వాడింది ఎర్రని ఇసుకరాయి. అది ఉలికి లొంగుతుంది గానీ కాలానికి అరుగుతుంది. రంగమంటపంలో స్తంభాలు, దూలాలు, ద్వారబంధాల దగ్గరికి వచ్చేసరికి రాయి మారుతుంది. అక్కడ డోలరైట్ అనే నల్లరాయి కనిపిస్తుంది. ఏ రాయి అయినా నిలువుగా నొక్కితే ఓర్చుకుంటుంది, అడ్డంగా పరిచి నడుమ బరువు పెడితే పగలాలని చూస్తుంది. దూలానికి ఎక్కువ బలమున్న రాయి కావాలి. నల్లరాయి ఆ అవసరం తీర్చింది. అంతే కాదు, దాని రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే దారం పట్టేంత చిన్న సందులు చెక్కినా పెళుసుగా రాలదు, నునుపు పెడితే అద్దంలా మెరుస్తుంది. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలనే స్త్రీమూర్తుల నగల మెరుపు ఎనిమిది వందల ఏళ్ళకూ తగ్గకపోవడానికి శిల్పి చేతితోపాటు ఆ రాయి ఎంపికా కారణం. గర్భగుడి ద్వారం దగ్గరి శిల్పాన్ని మీటితే స్వరాలు పలుకుతాయని గైడ్లు చూపిస్తుంటారు. అందులో మంత్రం లేదు. బిగువైన రాయిని సన్నగా, విడిగా నిలిచేలా చెక్కితే అది మోగుతుంది. అంత సన్నం చేసినా విరగదన్న నమ్మకం ఆ చేతులకు ఉండటమే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది.

ఇంత బరువూ దిగేది నేలలోకి. తడికి ఉబ్బి ఎండకు కుంగే నేలమీద రాతిగుడి కడితే ఏదో ఒక మూల ముందు కుంగి గోడ చీలుతుంది. కాకతీయ శిల్పులు గొయ్యి తవ్వి, దాన్ని ఇసుకతో నింపి, గట్టిపరచి, ఆ ఇసుకమీద గుడి లేపారు. నేలమీద పోసిన ఇసుక కాలు పెడితే జారిపోతుంది. అదే ఇసుకను మూటగట్టి మూతి బిగిస్తే దానిమీద మనిషి నిలబడవచ్చు. పక్కలకు జరిగే దారి మూసుకుపోయిన ఇసుక అంత భారమూ ఓరుస్తుంది, భూమి కదిలితే ఆ కుదుపును రేణువుల మధ్యే కొంత మింగేస్తుంది. ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ వంటివి కలిపారని పరిశోధకులు చెబుతారు. 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడి కల్యాణమంటపాన్ని మన కాలంలో విప్పినప్పుడు కూడా ఇలాంటి ఇసుక పునాదే బయటపడింది. రెండు గుళ్ళకూ మధ్య యాభై ఏళ్ళ ఎడం. అంటే పాలంపేటలో ఎవరో ఒకరికి హఠాత్తుగా తట్టిన ఉపాయం కాదిది. తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చిన పని.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పునాది అంత గొప్పదైతే రామప్పలో నేల ఎందుకు అలల్లా కుంగి లేచింది? పక్కనే ఉన్న కామేశ్వరాలయం ఎందుకు దెబ్బతిని, రాళ్ళు విప్పి తిరిగి కట్టాల్సిన స్థితికి వచ్చింది? ఈ ప్రశ్నను దాటవేసి పొగడ్తలు రాయడం ఆ శిల్పులకే అవమానం. ఇసుక పునాది ఎన్నటికీ కదలదని ఎవరూ అనలేరు. అది కదులుతుంది, కదలడమే దాని పని. పెద్ద గుడిలో నేల వంకర్లు పోయినా స్తంభాలు, దూలాలు, వాటిమీది విమానం నిలిచే ఉన్నాయి. కొంత కుంగినా మొత్తం కూలకుండా భారం సర్దుకుందన్నమాట. కామేశ్వరాలయం విషయం దీనికి విరుద్ధంగా కనిపిస్తుంది గానీ, అది చెప్పే నిజం వేరు. ఇసుక పునాది బలం ఇసుకలో మాత్రమే లేదు, దాన్ని పట్టి ఉంచే చుట్టుపట్ల నేలలోనూ అందులోని తేమలోనూ ఉంది. ఆ పట్టు సడలితే ఎంత నేర్పుగా నింపిన గొయ్యి అయినా జారుతుంది.

సాంకేతికతను ఇలా విప్పి చెబితే గుడి పవిత్రత తగ్గుతుందని బాధపడేవాళ్ళూ ఉన్నారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోలేను. కానీ గుడిని, చెరువును, ఊరిని ఒక్కచోట కట్టడం కాకతీయుల పద్ధతి. పొలాలకు నీరిచ్చే రామప్ప చెరువు గుడికి కూతవేటు దూరంలో ఉంది. దేవుడికి గుడి ఎత్తినవాళ్ళే రైతుకు కట్ట పోశారు. నేల గుణం, నీటి ఒత్తిడి, రాతి బలం తెలియకుండా ఈ రెంటిలో ఏదీ జరగదు. ఆ తెలివిని భక్తికి బయట పెట్టాలని వాళ్ళకు తోచి ఉండదు. మనకెందుకు తోచాలి?

2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దానితో సందర్శకులు పెరుగుతారు, రోడ్లు వెడల్పవుతాయి, హోటళ్ళు లేస్తాయి. ఇవేవీ వద్దని నేననను. గుడికి దగ్గరలో బోర్లు లోతుగా వేసి భూగర్భ జలాన్ని తోడేస్తే, బరువు వాహనాలు తిప్పితే, గనుల్లో పేలుళ్ళకు తలుపు తెరిస్తే మాత్రం దెబ్బ తగిలేది కంటికి కనిపించే శిల్పానికి కాదు, దాని కింది ఇసుకకు. రక్షణ అంటే ఆవరణ గోడదాకా గీసిన గీత కాకూడదు. చెరువు మట్టం, చుట్టుపక్కల బావుల నీరు, గుడి నేల కుంగుబాటు ఈ మూడింటినీ ఏడాది పొడవునా కొలిచి, ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి. కామేశ్వరాలయాన్ని తిరిగి నిలిపేటప్పుడు విప్పిన ప్రతి పొర గురించీ తెలుగులో ఒక వివరమైన పుస్తకం రావాలి. మన ఊళ్ళలో గుళ్ళు కట్టే శిల్పులకు, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు రేపు పనికొచ్చేది అదే.