రిక్తహస్తుని యాత్ర: గువేరా యాత్రాలేఖనములు - ఒక పరిశీలనము

యాత్రాచరిత్ర మన భాషకు క్రొత్త ప్రక్రియ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగివచ్చి, ఆ పదునైదు మాసముల ప్రయాణమును 'కాశీయాత్ర చరిత్ర'గా మనకు దక్కించిపోయెను. ఆ గ్రంథము 1838లో అచ్చుపడినది. ఆయన సుప్రీముకోర్టులో దుబాసీ. వెంట దాదాపు నూరుమంది పరివారము, డేరాలు, పల్లకీ, బోయీలు. దారిబత్తెమునకు వెదుకులాడవలసిన యాత్రికుడు కాడు. చేత ధనము లేక, పరుల యింట భుజించి, పరుల వాహనముల నెక్కి, అంతగా ఎవరును పోని దేశములు తిరిగిన విద్యార్థి వ్రాసిన యాత్రాచరిత్ర వేఱొక జాతికి చెందినది. దానిని పరీక్షించుటకు విమర్శకుడు వేఱు ప్రశ్నలు వేయవలసియుండును.

అట్టి గ్రంథములలో విమర్శకు మిక్కిలి యోగ్యమైనది ఎర్నెస్టో గువేరా స్పానిష్ భాషలో రచించిన 'యాత్రాలేఖనములు'. 1995లో వెలువడిన ఆంగ్లానువాదమునకు 'మోటారు సైకిల్ డైరీలు' అని పేరు పెట్టుటచే లోకమున ఆ పేరే స్థిరపడినది. రచయిత క్యూబా విప్లవమున ప్రసిద్ధుడై 1967లో బొలీవియాలో వధింపబడిన చే గువేరాయే. కాని యాత్రనాటికి ఆయన బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థి, ఇరువదిమూడేండ్లవాడు. సహచరుడైన ఆల్బెర్టో గ్రనాడో జీవరసాయనశాస్త్రజ్ఞుడు. వీరిరువురు 1952 జనవరిలో ఒక పాత నార్టన్ మోటారుసైకిలుపై బ్యూనస్ ఐరిస్ విడిచిరి. చిలీలో ఆ వాహనము పూర్తిగా చెడిపోయినది. అటుపై లారీలపైనను, ఓడలోను, తెప్పపైనను పెరూ, కొలంబియా దేశములు దాటి వెనెజువేలా రాజధాని కరాకస్ చేరిరి. గ్రనాడో అచ్చటనే నిలిచిపోగా, గువేరా మయామీ మీదుగా ఆగస్టు కడపట స్వదేశము చేరి, మఱుసటి సంవత్సరము వైద్యపట్టము పొందెను.

ధనహీనత రెండు విధములు. కోరి తెచ్చుకొన్నది యొకటి, తప్పించుకొనరానిది రెండవది. విద్యార్థి యాత్రికునిది మొదటిది. ఆతని కొఱకు ఇల్లును, పరీక్షలును, ముందున్న ఉద్యోగమును వేచియుండును. ఆతని ఆకలికి ఒక గడువు కలదు. దారిలో ఆతనికి అన్నము పెట్టినవాని ఆకలికి గడువు లేదు. ఈ భేదమును గుర్తింపని యాత్రాగ్రంథము ఎంత సాహసమును వర్ణించినను వినోదమాత్రముగా మిగులును. గువేరా గ్రంథమున ఈ భేదము మొదట లేదు, నడుమ కలిగినది, తుదివఱకు పూర్తిగా నిలువలేదు. ఈ క్రమమును పాఠము నాధారముగా చేసికొని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పాఠవిషయము. ఇది ఏ రోజునకారోజు వ్రాసిన దినచర్య కాదు. దారిలో వ్రాసికొన్న టిప్పణములను ఇల్లు చేరిన పిదప రచయిత తిరుగవ్రాసెను. టిప్పణములు వ్రాసినవాడు స్వదేశమున మఱల అడుగిడిననాడే గతించెననియు, వానిని సవరించినవాడు ఆతడు కాడనియు పీఠికాప్రాయమైన ప్రకరణమున తానే చెప్పుకొనెను. ఇది అలంకారోక్తి మాత్రమే కాదు, పాఠకునకు హెచ్చరిక. ఏ వాక్యము యాత్రికునిది, ఏ వాక్యము సంస్కర్తది యను సంశయము పుటపుటను కలుగును. గ్రనాడో రచించిన గ్రంథము 1978లో ప్రకటితమైనది. అది రెండవ సాక్ష్యమే కాని, అదియును మిత్రుడు లోకప్రసిద్ధుడై మరణించిన పిదప వెలువడినదని మఱువరాదు.

గ్రంథపూర్వభాగము హాస్యప్రధానము. మోటారుసైకిలు మాటిమాటికి పడద్రోయును. మిత్రులు మాటిమాటికి లేచి తీగలతో దానిని కట్టుదురు. వారి బ్రదుకుతెరువు మాటకారితనము. చిలీలోని తెముకో నగరపు పత్రిక వీరిని కుష్ఠవ్యాధి నిపుణులుగా వర్ణించి వార్త ప్రకటించెను. ఆ ముక్కను చూపి వీరు ఆదరము సంపాదించుకొనిరి. వేఱొక ఉపాయము ఇంకను నేర్పుగలది. క్రొత్తవారి నడుమ కూర్చుండి, నేటికి యాత్ర మొదలిడి సరిగా ఏడాది యైనదని ఒకడు నిట్టూర్చును. జాలిగొన్నవారు మధువు నిప్పింతురు. ఏమియు తినక త్రాగుట మా దేశాచారము కాదని రెండవవాడు సంకోచించును. అంతట భోజనమును వచ్చును! ఈ ఘట్టములలో పేదఱికము ఒక ఆట. దానము చేయువాడు ఆటలో ఓడినవాడు. వాని యింట రేపటికి గింజలున్నవా యను ప్రశ్న ఈ పుటలలో పుట్టదు.

ఆ ప్రశ్న పుట్టుటకు నాంది వాల్పరైసో రేవుపట్టణమున కనబడును. అచ్చట ఒక ముసలి పనికత్తెను చూడుమని వైద్యవిద్యార్థిని పిలిచిరి. ఆమెకు ఉబ్బసము, హృద్రోగము. ఉబ్బసము రచయితకును చిన్ననాటినుండి ఉన్నదే. కనుక ఆ ఊపిరి బాధ ఆయన యెఱుగనిది కాదు. తనవద్దనున్న కొన్ని మాత్రలిచ్చి, పథ్యము చెప్పుట తప్ప చేయగలిగినది లేకపోయెను. ఆర్జింపలేని రోగి పేదయింట భారమై, తనవారికే విసుగు పుట్టించునన్న సత్యమును రచయిత ఇచ్చట గుర్తించెను. ఈ ప్రకరణమున హాస్యము లేదు. ఒకే రోగము ఇరువురకును ఉండగా, ఒకడు యాత్ర చేయుటయు, ఒకతె గదిలో మ్రగ్గుటయు కేవలము వయోభేదముచే గాదని పాఠకునకు తోచును.

గ్రంథమునకు కీలకమైన ఘట్టము ఉత్తర చిలీ ఎడారియందలి బాకెదానోలోనిది. చుకికమాతా రాగిగనికి పోవుదారిలో ఒక కార్మికుడును ఆతని భార్యయు వీరికి తటస్థించిరి. 1948లో చేసిన చట్టముచే చిలీలో కమ్యూనిస్టుపక్షము నిషిద్ధమై యుండెను. ఆ కార్మికుడు ఆ పక్షమువాడు. మూడు మాసములు చెఱసాలలో ఉండివచ్చినవాడు. బిడ్డలను పొరుగింట నుంచి భార్య ఆతని వెంట నడచినది. వారు పోవుచున్నది కొండలలోని గంధకపు గనులకు. అచ్చట పని ఎంత దుర్భరమనగా, వచ్చినవాని పూర్వోత్తరములను ఎవరును అడుగరు. క్రొవ్వొత్తి వెలుగున నలువురు 'మాతే' పానీయమును, రొట్టెను, జున్నును పంచుకొనిరి. దంపతులకు కప్పుకొన ఒక్క కంబళియైనను లేదు. మిత్రులు తమ రెండు కంబళులలో ఒకటి వారికిచ్చి, రెండవదానిని తామిరువురు కప్పుకొనిరి. ఆ రాత్రివంటి చలిని తాను అరుదుగా ఎఱుగుదుననియు, అయినను ఆ వింత మానవజాతితో బంధుత్వము కలిగినదనియు రచయిత భావము.

ఇచ్చట గమనింపవలసినవి రెండు. మొదటిది, నలువురును దారి నడచువారే, నలువురును నిర్ధనులే. కాని మిత్రులు చూడవచ్చినవారు. దంపతులు గతిలేక వచ్చినవారు. ఈ పోలికయే భేదమును బయటపెట్టినది. రెండవది, రచయిత తన త్యాగమును పెంచి చెప్పలేదు. ఇచ్చినది ఒక కంబళి. మిగిలినది ఒక కంబళి. మఱునాడు మిత్రులు గనిని దర్శింపబోయిరి; అచ్చటి అధికారులు ఇది విహారస్థలము కాదని విసుగుకొనుచు కొద్దిసేపు చూపి పంపిరి. దంపతులు తమ దారిని పోయిరి. కథ అంతటితో సరి.

2004లో వాల్టర్ సాలెస్ నిర్మించిన చలనచిత్రముతో పోల్చినచో ఈ మితము విలువ తెలియును. చిత్రమున, ప్రేయసి యిచ్చిన 15 డాలర్లను నాయకుడు ఆ దంపతుల కిచ్చివేసినట్లు కల్పింపబడినది. గ్రంథమున ఈ ఘట్టమున ధనదానము లేదు. దృశ్యకావ్యమునకు ఆ కల్పన రక్తి కట్టించును గాని, నాయకుని దాతగా నిలిపి, కంబళి పంచుకొన్న సమానులను దాతయు గ్రహీతయుగా మార్చివేసినది.

ఈ ఎఱుక గ్రంథమంతట ఒకేతీరున నిలిచెనని చెప్పరాదు. పెరూ మెట్టదేశమున మూలజాతులవారితో లారీలలో ప్రయాణించునపుడు, అర్జెంటీనావారమన్న మాటయే వీరికి గౌరవము తెచ్చిపెట్టినది. ఆ గౌరవమునందలి వింతను రచయిత కనుగొనెను. కాని ఆ జాతులను ఓడిన ప్రజగా వెలుపలనుండి చూచుట మానలేదు. కరాకస్ ప్రకరణమున నల్లజాతివారినిగూర్చి వ్రాసిన మాటలు కేవలము దురభిప్రాయములు. రచయిత కీర్తినిబట్టి వీనిని సమర్థించుట విమర్శధర్మము కాదు. వీనిని చూపి బాకెదానో ఘట్టమును త్రోసివేయుటయు ధర్మము కాదు.

సంస్కర్త హస్తము స్పష్టముగా కనబడునది గ్రంథాంతమున. సాన్ పాబ్లో కుష్ఠరోగుల ఆశ్రమమున, తన జన్మదినమైన జూన్ 14వ తేదీన, అమెరికా ఖండమునందలి స్పానిష్ దేశముల ఐక్యతనుగూర్చి చేసిన ప్రసంగము సందర్భశుద్ధి గలదే. కాని తుది ప్రకరణమున ఒక అజ్ఞాతపురుషుడు జోస్యము చెప్పుటయు, రచయిత రానున్న సంగ్రామమునకు సిద్ధపడుటయు యాత్రాక్రమమున ఇమడవు. శైలి ఉద్ధతమైనది, ఊరు పేరు, దినము లేవు. అది యాత్రికుని వ్రాత కాదు. యాత్రకు అర్థము కట్టదలచినవాని వ్రాత.

అట్లైన బాకెదానో ఘట్టమును మాత్రము ఎట్లు నమ్మవచ్చునని పరిశోధకు డడుగవచ్చును. పూర్వభాగమే సమాధానము. తన్ను మహాపురుషునిగా దిద్దుకొనదలచిన సంస్కర్త, ఏడాది నిండెనని బొంకి భోజనము సంపాదించిన కథను, ఓడ మరుగుదొడ్డిలో దాగిన కథను తుడిచివేసియుండును. తుడువలేదు. తనకు చిన్నతనము కలిగించు సంగతులను ఉంచిన చేయి, కంబళి కథను ఉన్నంతలో చెప్పెనని విశ్వసించుటకు ఆధారము కలదు. ఇది నిశ్చయప్రమాణము కాదు, పాఠమునందలి అంతరసాక్ష్యము. దినచర్యలను, లేఖలను, ఆత్మకథలను పరిశీలించువారికి ఈ పద్ధతి ఉపకరించును.

నేడు స్వల్పవ్యయముతో దూరదేశములు తిరిగివచ్చి తమ యనుభవములు వ్రాయు విద్యార్థులు మన భాషయందును కలరు. వారి రచనలలో ఎన్ని దేశములు తిరిగిరి, ఎంత తక్కువలో తిరిగిరి యను లెక్క ముందు నిలుచుట సహజము. ఆ తక్కువ ఖర్చులో మిగిలిన భాగమును భరించిన దెవరు అని అడుగుట విమర్శకుని పని. గువేరా ఆ ప్రశ్నను తనంతట తాను, ఆలస్యముగానైనను, ఒక చలిరాత్రి వేసికొనెను. గ్రంథగౌరవము ముఖ్యముగా అందువలన కలిగినది.