ఉరుకుడు ఎవరి కోసం?

ఇల్లూ ఉద్యోగమూ చూసుకునే స్త్రీ గురించి రాయాల్సి వస్తే 'ఉరుకుల పరుగుల జీవితం' అని అలవోకగా రాసేస్తాం. అదే స్త్రీ నిజంగానే రోడ్డు మీద పరుగెత్తితే మాత్రం మనకు మాట దొరకదు. మా కామారెడ్డి వైపు పరుగును ఉరుకుడు అంటాం. 'ఫలానా వాళ్ళ పిల్ల ఉరికిపోయిందట' అంటే ఏ పందెంలో అని ఎవరూ అడగరు, ఎవరితో అని అడుగుతారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని సామెత. ఆ నీళ్ళు ఎవరు మోసుకొచ్చారో సామెత చెప్పదు.

స్త్రీల పరుగు మీద వచ్చిన కథలను, సినిమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆమె పరుగుకు ఎప్పుడూ ఒక అనుమతి పత్రం కావాలి. దేశం కోసమో, ఉద్యోగం కోసమో, మొగుడి ప్రాణం కోసమో అయితే ఆమె పరుగెత్తవచ్చు. తన కోసం అంటే మాత్రం అది షోకు.

ఈ అనుమతి వెనక పెద్ద చరిత్రే ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. ఆడవాళ్ళ శరీరాలు అంత శ్రమకు తట్టుకోలేవని గగ్గోలు పెట్టి తీసేశారు. మళ్ళీ 1960 దాకా అది లేదు. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. ఆ శరీరాలే నాట్లు వేస్తున్నప్పుడు, బిందెలు మోస్తున్నప్పుడు ఏ వైద్యుడూ ఆందోళన పడలేదు. 2022లో తెలంగాణ పోలీసు నియామకాల్లో స్త్రీలకు పెట్టిన పరీక్ష కూడా 800 మీటర్లే, 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆ నోటిఫికేషన్ పడ్డాక ఊరి గ్రౌండ్లలో పొద్దుగాల ఉరికే ఆడపిల్లలను చూసి ఎవరూ నోరు మెదపలేదు. పెళ్ళయినవాళ్ళు పిల్లను తల్లి దగ్గర పడుకోబెట్టి వచ్చినా తప్పుపట్టలేదు. ఉద్యోగం వస్తే ఇంటికి జీతం వస్తుంది కదా! పరీక్ష అయిపోయిన మర్నాడు కూడా ఆమె అలాగే గ్రౌండుకు బయలుదేరితే? అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు.

మన సినిమాలు ఈ చిక్కు ప్రశ్నను తెలివిగా తప్పించుకున్నాయి. 1991లో వచ్చిన 'అశ్విని'లో నిజమైన పరుగుల క్రీడాకారిణి అశ్విని నాచప్పే నాయిక. మన తెరకు అది గొప్ప సాహసం. 2017 నాటి హిందీ చిత్రం 'పూర్ణ' మనకు మరీ దగ్గరిది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో తాడ్వాయి ఉంది. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అది పరుగు కాకపోయినా, ఇల్లు దాటి ఎంతదూరం పోవచ్చన్న ప్రశ్న అదే. సినిమాలో పూర్ణ పక్కన ప్రియ ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు. ప్రియను పెళ్ళి మింగేస్తుంది, పూర్ణ శిఖరం చేరుతుంది. అంటే పెళ్ళి దగ్గర దారి రెండుగా చీలిపోతుందని, ఇటైనా అటైనా ఒకటే దక్కుతుందని కథ ముందే తేల్చేసింది. పెళ్ళయి, పిల్లలుండి, అయినా పోతూనే ఉండే మూడో స్త్రీకి ఈ కథల్లో చోటు లేదు.

ఆమె 2020లో మరాఠీలో కనిపించింది. తెలుగువాడైన నవీన్ దేశబోయిన తీసిన 'లతా భగవాన్ కరే'లో అరవై దాటిన లతా కరే తన పాత్ర తానే పోషించింది. 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆమెకు ప్రత్యేక ప్రస్తావన దక్కింది. కూలి చేసుకుని కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసిన ఆమె, భర్త జబ్బుపడితే పరీక్షలకు డబ్బుల్లేక బారామతి మారథాన్‌లో తొమ్మిది గజాల చీరతో, చెప్పులు లేకుండా పరుగెత్తి గెలిచింది. బహుమతి 5 వేల రూపాయలు.

ఈ కథకు కన్నీళ్ళు పెట్టనివాళ్ళు ఉండరు. ఆ కన్నీళ్ళే నాకు అనుమానం. వైద్యం కొనుక్కోలేని ముసలితనం ఈ దేశంలో ఎందుకుందన్న ప్రశ్న ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోతుంది. సావిత్రి యముడి వెంట నడిచినట్టే లత ఆస్పత్రి కోసం ఉరికిందని సంతృప్తి పడతాం. సినిమా పేరులోనూ భర్త పేరు మధ్యలో ఉంది. అది మరాఠీ ఆచారమే కావచ్చు, కథ సారాంశం కూడా అదే. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలిని మనం చూశాం. పరుగు గెలిచాక కూడా లతకు ఆ పేరు పూర్తిగా దక్కిందా?

అయితే లతా కరే జీవితం ఆమె కథ కంటే పెద్దది. ఆమె ఆ తర్వాత కూడా పరుగెత్తింది, గెలిచింది. మొదటి పరుగు అవసరం. రెండోదానిలో కొంచెమైనా ఆనందం లేదా? ఇన్నాళ్ళూ చాకిరీ చేసిన కాళ్ళు తనవేనని ఆమెకు తెలిసిన క్షణం ఏది? అది రాయగలిగితే అసలైన కథ అవుతుంది. త్యాగం గురించి రాయడం మనకు చేతనైనంతగా ఆనందం గురించి చేతకావడం లేదు.

ఇక్కడ పొద్దు పొడవకముందు గంట అందరికీ ఒక్కటి కాదు. మగవాడికి అది ఆరోగ్యం, ఆడదానికి నల్లా నీళ్ళు, పొయ్యి, పిల్లల టిఫిన్ డబ్బా. కామారెడ్డి ఇళ్ళల్లో ఆ పనయ్యాక చాట ఒళ్ళో పెట్టుకుంటే రాత్రిదాకా బీడీలే. దినమంతా కూర్చునే ఉంటుంది కనుక ఆమె అలసిందని ఎవరికీ తోచదు. నడుము పట్టేసిన ఆమె గంటసేపు ఉరుకుతానంటే అన్ని బీడీలు తగ్గాయని లెక్క వస్తుంది. కనుక స్త్రీల పరుగు బూట్లకో, ధైర్యానికో సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ఆ గంట ఇంట్లో ఎవరి చేతిలోంచి రావాలన్న సమస్య. అత్తో, తల్లో, పెద్దకూతురో ఆ గంటను భర్తీ చేస్తే ఒక స్త్రీ పరుగు ఇంకో స్త్రీ చాకిరీ మీద నిలబడినట్టే. సినిమాలు రోడ్డును చూపించినంత శ్రద్ధగా ఈ వంటింటి గడియారాన్ని చూపించవు. రాత్రి గిన్నెలు తోమిపెట్టి, పిల్లకు జడేసి బడికి పంపి, 'నువ్వు పోయిరా' అనే మొగుడు వీరోచితంగా ఉండడు గాబోలు, తెరకెక్కడు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి సుమారు నలభై కిలోమీటర్లు, ఇంచుమించు ఒక మారథాన్. తాడ్వాయి, లింగంపేట మీదుగా సాగే ఆ దారిలో ఏ రోగమూ, ఏ పతకమూ, ఏ ఉద్యోగమూ సాకుగా లేకుండా ఒక నడివయసు స్త్రీ పరుగెత్తే కథ మనలో ఎవరైనా రాయాలి. ఆమె గెలవనక్కర్లేదు. చెమటతో ఇంటికొచ్చేసరికి చాయ్ ఎవరో పెట్టి ఉంచితే చాలు. ఆ ఎవరో ఇంకో ఆడది కాకుండా ఉంటే మరీ మంచిది.