పాలమూరు పల్లెల్లో పదడుగుల జాలీ

పది అడుగుల వెడల్పున్న గుండ్రటి చట్రం. దాని మీద బిగించిన తీగజాలీ, కోళ్లఫారాల చుట్టూ కట్టే రకమే. జాలీకి ముందు, కడ్డీల మీద నిలబెట్టిన చిన్న యాంటెన్నా. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది పాటు పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో నిలబడి, 36,000 కిలోమీటర్ల ఎత్తునుంచి టీవీ బొమ్మను నేరుగా ఊళ్లోకి దించింది ఇదే. ‘సైట్’ అనే పేరుతో జరిగిన ఆ ప్రయోగం గురించి రాసినవాళ్లు ఉపగ్రహాన్ని మెచ్చుకున్నారు, మన అంతరిక్ష పరిశోధనకు ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ ముందుచూపును మెచ్చుకున్నారు. రెండూ మెచ్చుకోదగ్గవే. నాకు మాత్రం ముందుగా ఆ జాలీ గురించే చెప్పాలని ఉంది.

టీవీ బొమ్మను పట్టే యాంటెన్నాకు అన్ని కన్నాలుంటే బొమ్మ జారిపోదా? జారదు. ఆ ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసేది. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. జాలీ కన్నం అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది కాబట్టి తరంగానికి అది గట్టి రేకుతో సమానం. తాకి వెనక్కి తిరిగి, ముందున్న చిన్న యాంటెన్నా మీదికి చేరుతుంది. గాలి మాత్రం ఆ కన్నాల్లోంచే దూసుకుపోతుంది. పదడుగుల రేకు పళ్లేన్ని ఎత్తున నిలబెడితే మృగశిర కార్తె గాలులకు పునాదితో సహా లేచొస్తుంది. జాలీకి ఆ బాధ లేదు. బరువూ తక్కువే. చుట్టగా చుట్టి జీపులో వేసుకుని ఎంత మారుమూలకైనా పోవచ్చు. ఎక్కడైనా తెగితే మామూలు తీగతో అల్లుకోవచ్చు. ఖరీదైన పరాయి సామాను కోసం వెతక్కుండా, లెక్క గట్టి చూసి, బజారులో దొరికే వస్తువు సరిపోతుందని తేల్చడం పెద్ద పనితనం. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఇంజనీర్లకు ఆ లెక్కా తెలుసు, మన పల్లె గాలీ తెలుసు.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో తర్వాత వచ్చిన డిష్‌లను చూస్తే అర్థమవుతుంది. నల్లగొండ ప్రాంతంలోని మా మేళ్లచెరువు లాంటి ఊళ్లకు కేబుల్ టీవీ వచ్చాక ఆపరేటర్లు మేడల మీద పెట్టుకున్న పెద్ద డిష్‌లు పట్టింది 4 గిగాహెర్ట్జ్ ప్రసారాన్ని. తరంగం ఏడున్నర సెంటీమీటర్లకు తగ్గింది, కాబట్టి వాటి జాలీ బాగా సన్నది. ఇవాళ ప్రతి డాబా మీదా ఉన్న చిన్న డీటీహెచ్ డిష్‌కు తరంగం రెండున్నర సెంటీమీటర్లే. దానికి గట్టి రేకే వాడుతున్నారు. కోళ్ల జాలీతో పని జరిగే అవకాశం 860 దగ్గర ఉంది, దాన్ని వాళ్లు పూర్తిగా వాడుకున్నారు.

పల్లెలో సామాను ఇంత తేలిగ్గా ఉండాలంటే బరువు ఇంకెక్కడో మొయ్యాలి. దాన్ని ఆకాశంలో మోసింది అమెరికా వాళ్ల ఏటీఎస్-6. 1974 మే 30న ఎగిరింది. 9 మీటర్ల దాని యాంటెన్నాకు 48 అల్యూమినియం పక్కటెముకలు, వాటి మధ్య రాగి పూత పూసిన డేక్రాన్ జాలీ. ప్రయోగించేటప్పుడు ఇదంతా మధ్యనున్న ఇరుసుకు చుట్టుకుని ఉండి, పైకి వెళ్లాక విచ్చుకుంది. అంటే పైనా జాలీయే, కిందా జాలీయే. అంత పెద్ద యాంటెన్నా ఉండబట్టే 80 వాట్ల ట్రాన్స్‌మిటర్ సరిపోయింది. మన వంటింట్లో వెలిగే పాత బల్బు పాటి శక్తి, గురి మాత్రం ఇండియా మీదే. అప్పటిదాకా ఉపగ్రహ ప్రసారమంటే కింద పెద్ద భూకేంద్రం ఉండాల్సిందే. ఇక్కడ ఆ లెక్కను తిరగేశారు.

ఉపగ్రహం మొదటి ఏడాది అమెరికాలోనే పనిచేసి, 1975లో తూర్పు ఆఫ్రికా పైన 35 డిగ్రీల రేఖాంశం దగ్గరికి జరిగింది. అక్కడున్న ఉపగ్రహాన్ని పాలమూరు నుంచి పట్టాలంటే జాలీ ముఖం పడమరకు, కాస్త నైరుతికి తిప్పి, నేలనుంచి 38 డిగ్రీల దాకా ఎత్తాలి. ఒకసారి కుదిరితే మళ్లీ కదపనక్కర్లేదు. ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి ఆకాశంలో ఉన్నచోటే ఉంటుంది. ఊళ్లో సెట్టు చూసుకునే మనిషికి రోజూ స్విచ్చి వెయ్యడం, ఆర్పడం తెలిస్తే చాలు.

ఇక టీవీ పెట్టె. దీన్ని తయారు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఏఎస్ రావు గారి ఆధ్వర్యంలో 1967లో మొదలైన సంస్థ అది. ఉపగ్రహం నుంచి బొమ్మ వచ్చే తీరు వేరు, మామూలు టీవీకి కావల్సిన తీరు వేరు. నగరాల్లో టవర్ నుంచి వచ్చే ప్రసారంలో బొమ్మ తరంగం ఎత్తులో మార్పుగా వస్తుంది. తక్కువ శక్తితో ఎక్కువ దూరం పంపాల్సినచోట దాన్ని ఫ్రీక్వెన్సీలో మార్పుగా పంపుతారు. కాబట్టి జాలీ పట్టిన బలహీనమైన సంకేతాన్ని బలపరిచి, కింది ఫ్రీక్వెన్సీకి దించి, మామూలు సెట్టుకు అర్థమయ్యేలా మార్చే సరంజామా మధ్యలో ఉండాలి. దాన్ని అహ్మదాబాద్‌లో రూపొందించారు. అప్పటికి టీవీ అంటే ఢిల్లీ, బొంబాయి లాంటి నగరాల వస్తువు. దాన్ని ఎండకూ దుమ్ముకూ వోల్టేజీ ఎగుడుదిగుళ్లకూ వదిలిపెట్టి ఏడాది నడిపించారు. ఆరు రాష్ట్రాల్లో, 20 జిల్లాల్లో, సుమారు 2,400 ఊళ్లలో. పాడైతే మరమ్మతుకు మనుషుల్ని, విడిభాగాల్ని ముందే సర్దిపెట్టుకుని మరీ దిగారు.

అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల ఊళ్లు ఎంపికయ్యాయి. అప్పటి మా నల్లగొండ జిల్లా ఆ జాబితాలో లేదు. మేళ్లచెరువుకు హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి మాకు పొరుగు గొంతు. పాలమూరు సంగతి వేరు. వాన తక్కువ, బావి లోతు ఎక్కువ, పనికోసం ఊళ్లకు ఊళ్లు వలస పోయే జిల్లా. అలాంటి జిల్లాకు టీవీ రాజధాని నగరం కంటే ముందే రావడం న్యాయమైన పనిగా తోస్తుంది నాకు. హైదరాబాద్ నగరానికి సొంత టీవీ ట్రాన్స్‌మిటర్ వచ్చింది ఆ ప్రయోగం ముగిశాకే.

రోజుకు నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడిపిల్లలకు: తెలుగు, కన్నడ, హిందీ, ఒరియా ఒక్కోదానికి ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, ఆటలు. బడి సెలవుల్లో ఇదే దారిలో సుమారు 50,000 మంది ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలో కార్యక్రమాలు తయారు చేసే కేంద్రాలు పెట్టారు. తెలుగు, కన్నడ రెండూ హైదరాబాద్ వంతు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న పనితనం ఈ హైదరాబాద్ కేంద్రానిదే. ఉపగ్రహం పంపగలిగింది ఒక బొమ్మ, దానితో పాటు రెండు ధ్వనులు. కాబట్టి ఒకే బొమ్మకు తెలుగు గొంతు ఒకటి, కన్నడ గొంతు ఒకటి జోడించి పంపారు. మహబూబ్‌నగర్ సెట్టు తెలుగును ఏరుకుంటే, రాయచూరు సెట్టు కన్నడను ఏరుకుంది. చదవడానికి సులువుగా ఉంది. తీసేవాడి వైపు నుంచి ఆలోచించండి. మాట్లాడే మనిషి ముఖాన్ని దగ్గరగా చూపిస్తే పెదవులు ఒక భాషకే కుదురుతాయి, రెండో ఊళ్లో తేడా తెలిసిపోతుంది. పలక మీద, గోడ మీద రాత కనిపిస్తే ఒక లిపివాళ్లకు అది పనికిరాదు. తెలుగులో నాలుగు మాటల్లో తేలేది కన్నడలో ఆరు మాటలు పడితే బొమ్మ అప్పటిదాకా ఆగాలి. అంటే విషయాన్ని మాట మీద కాకుండా చేతుల మీద, పని మీద నడపాలి. విత్తనశుద్ధి ఎలాగో చెప్పాలంటే విత్తనం కలిపే చేతులు కనపడాలి. వాంతులూ విరేచనాలూ అయిన పిల్లవాడికి ఏం తాగించాలో చెప్పాలంటే గిన్నె, నీళ్లు, తల్లి చెయ్యి కనపడాలి. గొంతు పక్కన నడవాలి. చదువురాని ప్రేక్షకుడికి కావల్సిన బొమ్మ కూడా సరిగ్గా అలాంటిదే. సాంకేతికంగా వచ్చిన ఇరుకు కళకు మంచి గురువయ్యింది.

ఈ జత కుదరడానికి నేల కూడా సాయపడింది. కృష్ణ రాయచూరు దాటి పాలమూరులోకి వస్తుంది. రెండువైపులా జొన్న చేలే, జొన్న రొట్టెలే, ఎడ్లూ గుంటకలే, వానకోసం ఒకే తీరు ఎదురుచూపు. బొమ్మలో కనిపించే చేను ఇద్దరికీ సొంత చేనులాగే ఉండే వీలుంది. అదే బొమ్మను కోనసీమకూ రాయచూరుకూ కలిపి తియ్యమంటే ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఇబ్బంది పడతాడు. సాయంత్రం అందరికీ ఉమ్మడిగా వచ్చే అరగంట జాతీయ కార్యక్రమంలో ఈ కుదురు లేదు. అది హిందీలో వచ్చేది. మిగతా అంతా ప్రేక్షకుణ్ని మనసులో పెట్టుకుని చేసినవాళ్లు ఆ అరగంట దగ్గర ఢిల్లీని మనసులో పెట్టుకున్నారనిపిస్తుంది.

డబ్బూ చట్టమూ ఎలా నడిచాయంటే, అప్పటికి టీవీ ఆకాశవాణిలో ఒక భాగం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రసార హక్కు సర్కారుది. ఇంట్లో రేడియోకే లైసెన్సు కట్టే కాలం. ప్రయోగం మొదలైంది ఎమర్జెన్సీ విధించి నెల దాటాక. ప్రభుత్వం చెప్పిందే తప్ప రెండో మాట వినపడే వీలు లేని కాలం అది, ఈ పనిని ఎంత మెచ్చుకున్నా ఆ సంగతి దాచకూడదు. దేశంలో టీవీలో వ్యాపార ప్రకటనలు మొదలైంది 1976 జనవరి 1న, దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపోయింది అదే ఏడాది ఏప్రిల్ 1న. రెండూ సైట్ నడుస్తుండగానే జరిగాయి. పల్లె ప్రసారానికి సొమ్ము మాత్రం ఖజానా నుంచే వచ్చింది. కొనుగోలు శక్తి లెక్కతో ఊళ్లను ఎంచాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఇరవై ఏళ్లకు, 1995లో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కేబుల్ చట్టం వచ్చింది, జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. తెలుగు టీవీకి పెద్ద మార్కెట్ ఏర్పడింది. ఆ మార్కెట్ లెక్కల్లో జొన్న రైతుకు విత్తనశుద్ధి చూపించే సమయం ఎంతకు అమ్ముడుపోతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ పనితనాన్ని గుర్తించినవాళ్లలో ఆర్థర్ సి. క్లార్క్ ఒకరు. భూమితో పాటే తిరిగే ఉపగ్రహాల నుంచి ప్రపంచమంతా ప్రసారాలు చెయ్యొచ్చని 1945లోనే రాసిన మనిషి ఆయన. ఇస్రో ఇంజనీర్లు కొలంబో వెళ్లి ఆయన ఇంటి దగ్గర సైట్ యాంటెన్నా బిగించి వచ్చారు. ముప్పై ఏళ్ల కిందటి తన ఊహ సొంత ఇంట్లో బొమ్మగా వెలగడాన్ని ఆయన అలా చూశాడు. సారాభాయ్‌కి ఆ అదృష్టం లేదు. నాసాతో ఒప్పందం 1969లో కుదిరింది. ఆయన 1971 డిసెంబర్ 30న పోయాడు. పనిని గట్టెక్కించింది అహ్మదాబాద్ కేంద్రం డైరెక్టర్ యశ్‌పాల్, సైట్ నిర్వహణ చూసిన ఏక్‌నాథ్ చిట్నిస్, వాళ్ల వెంట ఉన్న కుర్ర ఇంజనీర్లు.

ఒక కష్టాన్ని మాత్రం వాళ్లు ఎక్కడా సర్దలేకపోయారు. ఉపగ్రహం అరువుది. 1976 జులై 31న ప్రసారం ఆగింది, ఏటీఎస్-6 అమెరికా వైపు తిరిగి వెళ్లిపోయింది. జాలీ బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది, పట్టడానికి పైన ఏమీ లేదు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో, గుల్బర్గాలో నేలమీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. టవర్ చూపు అందే ఊళ్లకు అవి పనికొచ్చాయి. దూరంగా ఉన్న పాలమూరు పల్లెలు సొంత ఉపగ్రహం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 1982లో వెళ్లిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలలకే చెడిపోయింది. 1983 ఆగస్టులో వెళ్లిన ఇన్సాట్-1బి నిలబడింది. దానికోసం పల్లెల్లో మళ్లీ జాలీ యాంటెన్నాలు బిగించారు. ఈసారి తరంగం పొట్టిది, అందుకని కన్నం మరింత సన్నది.